నీరు తరలిన లోయ

పాఠ్యభాగ ఉద్దేశం

నదీతీరాలలో నాగరికతలు వెలసిన విధానాన్ని చరిత్ర గ్రంథాలు వివరిస్తాయి. నదినే మరొక చోటికి తరలిస్తే ఆ తీరంలోని జీవితం ఏమవుతుందన్న ప్రశ్నను మాత్రం అవి అరుదుగా వేస్తాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఇన్యో కౌంటీ చరిత్ర ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది. ఒక ప్రాంతపు భూస్వరూపానికి, నీటికి, అక్కడి ప్రజల బతుకులకు ఉన్న సంబంధాన్ని విద్యార్థులకు తెలియజేయడం, ప్రకృతి సంపదపై హక్కు ఎవరిదన్న విషయాన్ని ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రవేశిక

అమెరికాలో రాష్ట్రాన్ని పరిపాలనా సౌలభ్యం కోసం కౌంటీలుగా విభజిస్తారు. కౌంటీ మన జిల్లాను పోలినదే అయినా ఒక ముఖ్యమైన భేదం ఉంది. కౌంటీ పాలకమండలి సభ్యులను, శాంతిభద్రతలు చూసే షెరీఫ్‌ను కూడా ప్రజలే ఓటు వేసి ఎన్నుకొంటారు. కాలిఫోర్నియా రాష్ట్రంలో ఇటువంటి కౌంటీలు 58 ఉన్నాయి. రాష్ట్రానికి తూర్పు అంచున, నెవాడా రాష్ట్రాన్ని ఆనుకొని ఉన్నది ఇన్యో కౌంటీ. ఇది 1866లో ఏర్పడింది. ఇండిపెండెన్స్ అనే చిన్న పట్టణం దీని ముఖ్యకేంద్రం.

వైశాల్యంలో ఇది కాలిఫోర్నియాలో రెండవ స్థానం పొందింది. 26 వేల చదరపు కిలోమీటర్లకు మించిన ఈ విశాల భూభాగంలో 2020 జనాభా లెక్కల ప్రకారం నివసిస్తున్నవారు 19,016 మంది మాత్రమే. పురపాలక ప్రతిపత్తి గల పట్టణం బిషప్ ఒక్కటే. ఇంత నేల ఉండి ఇంత తక్కువ మంది ఉండటానికి కారణం ఎండ ఒక్కటే అనుకొంటే పొరపాటు. ఆ కారణాన్ని తెలుసుకోవాలంటే ముందుగా ఈ కౌంటీ భౌగోళిక స్వరూపాన్ని పరిశీలించాలి.

భౌగోళిక స్వరూపం

ఔన్నత్యానికీ అధోగతికీ ఒకే చోట నిదర్శనాలు చూపగల సీమ ఇది. కౌంటీ పడమటి సరిహద్దులో సియెర్రా నెవాడా పర్వతశ్రేణి ఉంది. అందులోని విట్నీ శిఖరం ఎత్తు 14,505 అడుగులు, అనగా 4,421 మీటర్లు. అలాస్కాను మినహాయిస్తే అమెరికా ప్రధాన భూభాగంలో ఇదే అత్యున్నత శిఖరం. అదే కౌంటీ తూర్పు భాగంలో డెత్ వ్యాలీ, అనగా మృత్యులోయ ఉంది. ఆ లోయలోని బ్యాడ్‌వాటర్ పల్లం సముద్రమట్టానికి 86 మీటర్లు దిగువన ఉంది. ఉత్తర అమెరికా ఖండంలో ఇంతకన్న పల్లమైన నేల లేదు. ఈ శిఖరానికీ ఆ పల్లానికీ నడుమ దూరం సరళరేఖలో 140 కిలోమీటర్లకు లోపే. 1913 జూలై 10న డెత్ వ్యాలీలో 56.7 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ గుర్తించిన అత్యధిక ఉష్ణోగ్రత ఇదే.

పసిఫిక్ మహాసముద్రం నుండి వచ్చే మేఘాలు సియెర్రా నెవాడాను ఎక్కేటప్పుడే చల్లబడి తమ తేమను పడమటి వాలు మీద, శిఖరాల మీద మంచుగా, వర్షంగా కురిపిస్తాయి. కొండ దాటి తూర్పు వైపుకు దిగేసరికి వాటిలో తేమ మిగలదు. ఇటువంటి ప్రాంతాన్ని వర్షచ్ఛాయా ప్రాంతం అంటారు. అందుచేత సియెర్రాకు తూర్పున ఉన్న ఓవెన్స్ లోయలో వర్షం చాలా తక్కువ. అయితే శిఖరాల మీద పేరుకొన్న మంచు వసంతంలో, గ్రీష్మంలో కరిగి పదుల సంఖ్యలో సెలయేళ్లుగా ఆ లోయలోకే దిగుతుంది. ఆకాశం ఇవ్వని నీటిని కొండ ఇస్తుంది. ఈ సెలయేళ్లన్నీ ఓవెన్స్ నదిలో కలుస్తాయి. ఆ నది సముద్రాన్ని చేరదు. లోయ దక్షిణపు కొసన ఉన్న ఓవెన్స్ సరస్సులోకి చేరి అక్కడే ఆగిపోయేది. ఒకనాడు ఆ సరస్సు సుమారు 280 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉండేది.

లోయకు తూర్పున వైట్ పర్వతాలు, ఇన్యో పర్వతాలు ఉన్నాయి. వైట్ పర్వతాల మీద బ్రిసిల్‌కోన్ అనే దేవదారు జాతి వృక్షాలు పెరుగుతాయి. ఎడ్మండ్ షుల్మన్ అనే శాస్త్రవేత్త 1957లో వీటి కాండంలోని వలయాలను లెక్కించి, ఒక చెట్టు వయస్సు 4,000 సంవత్సరాలను ఎంతగానో మించిందని నిర్ధారించాడు. మెతూసెలా అనే పేరు గల ఆ వృక్షానికి నేడు 4,800 ఏళ్లు దాటాయి. సారవంతమైన నేలలో పెరిగినవాటికన్న రాతినేలలో, చలిగాలిలో, కొద్దిపాటి తేమతో నెమ్మదిగా పెరిగినవే ఇక్కడ ఎక్కువ కాలం బతికాయి. కొద్దిపాటి నీటితో జీవించే విద్య ఈ సీమలో చెట్లకే గాక మనుషులకు కూడా తెలుసు.

తొలి వ్యవసాయవేత్తలు

ఓవెన్స్ లోయలో అనాదిగా నివసిస్తున్నవారు పైయూట్ ఆదివాసులు. డెత్ వ్యాలీ ప్రాంతంలో నివసించినవారు టింబిషా షొషోనీలు. పైయూట్లు తమ లోయను పాయహూనాదు అని పిలిచేవారు. నీరు పారే చోటు అని దాని అర్థం.

వీరు వేటతో, అడవి గింజలు ఏరుకోవడంతో కాలం గడిపే సంచార జాతి అని తొలినాళ్ల తెల్లవారు భావించారు. వాస్తవం వేరు. బిషప్ సెలయేటికి అడ్డంగా కొమ్మలు, రాళ్లు, మట్టితో ఆనకట్ట కట్టి, కాలువల ద్వారా నీటిని పచ్చిక మైదానాలకు మళ్లించేవారు. ఆ నీటితో తుంగజాతి దుంపలు, గడ్డిగింజలు సమృద్ధిగా ఎదిగేవి. వసంతంలో ఊరంతా సమావేశమై నీరు పెట్టే బాధ్యతను ఒక వ్యక్తికి అప్పగించేవారు. ఒక సంవత్సరం ఉత్తరపు మైదానానికి, మరు సంవత్సరం దక్షిణపు మైదానానికి నీరు పెట్టి నేలకు విశ్రాంతినిచ్చేవారు. శరత్కాలంలో కొండల మీది పైన్ గింజలను సేకరించి శీతకాలానికి దాచుకొనేవారు. 1930ల ప్రాంతంలో జూలియన్ స్టీవర్డ్ అనే మానవశాస్త్రజ్ఞుడు ఈ విధానాన్ని వివరంగా లిఖించాడు.

1861లో పశువుల మందలతో తెల్లవారు లోయలోకి ప్రవేశించారు. వారి పశువులు మేసిన పచ్చిక ఆదివాసులు నీరు పెట్టి పెంచుకొన్న ఆహారమే. దుంప తవ్వే చేయి కనిపించింది గాని, దానికి నీరు పెట్టిన చేయి వారికి కనిపించలేదు. ఆ శీతకాలం అతి కఠినమైనది. ఆకలికి తాళలేక పైయూట్లు పశువులను చంపారు. దానితో పోరు మొదలైంది. 1862 జూలై 4న, అనగా అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం నాడు, సైన్యం అక్కడ శిబిరం నెలకొల్పింది. ఇండిపెండెన్స్ అనే పేరు ఆ సందర్భంగా వచ్చినదే. 1863 జూలైలో 900 మందికి పైగా పైయూట్లను సైనికులు కాలినడకన దక్షిణాన కొండలకు ఆవల ఉన్న తెహోన్ కోటకు తరలించారు. చాలామంది అక్కడ నిలువలేక తిరిగి లోయకే వచ్చారు. అప్పటికి తాము తవ్విన కాలువలు పరుల పొలాలకు పారుతున్నాయి. ఆ పొలాలలోనే వారు కూలికి కుదిరారు.

లోయకు, నదికి నిలిచిన పేరు కూడా ఆ నేలను ఎరిగినవారిది కాదు. అన్వేషకుడైన ఫ్రీమాంట్ 1845 నాటి యాత్రలో తన సహచరుడు రిచర్డ్ ఓవెన్స్ పేరును వాటికి పెట్టాడు. ఆ ఓవెన్స్ ఈ లోయను చూడనేలేదు.

వెండి, బోరాక్స్, పండ్లతోటలు

1865లో ఇన్యో పర్వతాలలోని సెర్రో గోర్డో వద్ద వెండి, సీసం లభించాయి. అక్కడ కరిగించిన లోహపు దిమ్మెలను కంచరగాడిదల బండ్ల మీద లాస్ ఏంజిలిస్‌కు చేరవేసేవారు. 1872లో ఓవెన్స్ సరస్సులో బెస్సీ బ్రాడీ అనే చిన్న ఆవిరి ఓడను నడిపి ఆ ప్రయాణాన్ని సులభం చేశారు. ఆనాటికి లాస్ ఏంజిలిస్ కొద్దివేల జనాభా గల పట్టణం. ఇన్యో గనుల వ్యాపారం ఆ పట్టణపు ఎదుగుదలకు ఎంతో తోడ్పడింది. ఈ విషయం తరువాతి కథలో గుర్తుంచుకోదగినది.

1872 మార్చి 26 తెల్లవారుజామున లోన్‌పైన్ పట్టణంలో భయంకర భూకంపం సంభవించింది. కాల్చని మట్టి ఇటుకలతో కట్టిన ఇళ్లలో ఎక్కువ భాగం కూలిపోయి, 27 మంది మరణించారు. 1883 నుండి 1888 వరకు డెత్ వ్యాలీలో బోరాక్స్ పరిశ్రమ నడిచింది. ఆ మండుటెండలో బోరాక్స్ ఏరిన కూలీలలో చీనా దేశస్థులు అధికం. ఇరవై కంచరగాడిదలు లాగే బండ్లు ఆ సరుకును 165 మైళ్ల దూరంలోని మొహావి రైలుస్టేషనుకు చేర్చేవి.

గనులు క్షీణించినా లోయ క్షీణించలేదు. సెలయేళ్ల నీటితో గోధుమ, పశుగ్రాసం, ఆపిల్, బేరి పండ్లు పండాయి. 1892లో ఈ లోయకు వచ్చిన మేరీ ఆస్టిన్ అనే రచయిత్రి ఇండిపెండెన్స్‌లో నివసిస్తూ 1903లో ‘ది ల్యాండ్ ఆఫ్ లిటిల్ రెయిన్’ అనే గ్రంథం వెలువరించింది. కొద్దిపాటి వర్షం కురిసే నేల అని ఆ పేరుకు అర్థం. గొర్రెల కాపరులు, గనుల అన్వేషకులు, బుట్టలల్లే సేయావి అనే పైయూట్ స్త్రీ అందులో సజీవంగా కనిపిస్తారు. ఎడారిలో ఏమీ లేదనుకొనేవారికి ఆ గ్రంథం ఎడారిని చూడటం నేర్పింది.

నది తరలిన విధం

1900 నాటికి లాస్ ఏంజిలిస్ జనాభా లక్ష దాటింది. పదేళ్లలో అది మూడు లక్షలను మించింది. ఆ నగరానికి ఉన్న చిన్న నది ఈ పెరుగుదలకు చాలదని నగర జలవిభాగాధికారి విలియం మల్‌హోలండ్ గుర్తించాడు. ఐర్లండ్‌లో 1855లో జన్మించి, అమెరికాకు వలస వచ్చి, కాలువలు శుభ్రం చేసే పనివాడుగా జీవితం ప్రారంభించి, స్వయంకృషితో ఇంజనీరైన వ్యక్తి ఆయన. నగర మాజీ మేయరు ఫ్రెడ్ ఈటన్ 1904లో ఆయనకు ఓవెన్స్ నదిని చూపించాడు. లోయ ఎత్తులో ఉంది, నగరం పల్లంలో ఉంది. యంత్రాలతో పని లేకుండా నీటిని కేవలం భూమి వాలుతో తీసుకొని రావచ్చునని మల్‌హోలండ్ గ్రహించాడు.

అదే సమయంలో కేంద్రప్రభుత్వ సాగునీటి విభాగం ఓవెన్స్ లోయ రైతుల కోసమే ఒక ప్రాజెక్టును పరిశీలిస్తూ ఉంది. ఈటన్ 1905లో లోయలో నదీతీర భూములను, వాటితోపాటు సంక్రమించే జలహక్కులను కొన్నాడు. ప్రభుత్వ ప్రాజెక్టు కోసమే ఆయన కొంటున్నాడని రైతులలో పలువురు నమ్మారు. 1905 జూలై 29న లాస్ ఏంజిలిస్ పత్రిక అసలు సంగతి ప్రకటించాకనే వారికి నిజం తెలిసింది. మేరీ ఆస్టిన్ భర్త ఇండిపెండెన్స్‌లోని ప్రభుత్వ భూమి కార్యాలయ అధికారి. ఆయన ప్రభుత్వానికి నిరసన లేఖలు వ్రాసినా ఫలితం లేకపోయింది. 1906లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ నగరం పక్షాన నిలిచాడు. కొన్నివేల మంది రైతుల లాభం కన్న లక్షలాది నగరవాసుల అవసరం మిన్న అన్నది ఆయన వాదం. లోయ రైతుల ప్రాజెక్టు విరమింపబడింది.

1908లో మొదలైన అక్విడక్టు నిర్మాణం ఐదేళ్లు సాగింది. ఎడారిని, కొండలను దాటుతూ 375 కిలోమీటర్లు సాగిన ఈ జలవాహిక ఆ కాలపు ఇంజనీరింగ్ అద్భుతాలలో ఒకటి. 1913 నవంబరు 5న మొదటిసారిగా నీరు సాన్ ఫెర్నాండో లోయలోకి దూకినప్పుడు, అదిగో నీరు, తీసుకోండి అని మల్‌హోలండ్ క్లుప్తంగా ప్రకటించాడు. ఆ నీటిలో అధికభాగం తొలి సంవత్సరాలలో నగరవాసుల కుండలలోకి గాక సాన్ ఫెర్నాండో లోయ పొలాలలోకి పారింది. అక్కడి భూములను కొందరు ధనవంతులు ముందుగానే కొని ఉంచారన్న సంగతి ఈ చరిత్రలో మాయని మచ్చ.

రైతుల తిరుగుబాటు

1920లలో వానలు తగ్గాయి. నగరం లోయలోని మిగిలిన పొలాలను, కాలువలను కొనసాగింది. ఒక కాలువ మీద ఆధారపడిన పది మందిలో ఆరుగురు అమ్మితే మిగిలిన నలుగురికి కాలువను నిర్వహించే స్తోమత ఉండదు. కాబట్టి అమ్మకం ఇష్టాయిష్టాలతో పని లేని విషయమైంది. ఇరుగుపొరుగుల నడుమ అనుమానాలు ముదిరాయి.

1924 మే 21న లోన్‌పైన్ సమీపంలో కాలువ గోడను కొందరు డైనమైటుతో పేల్చారు. అదే సంవత్సరం నవంబరు 16న సుమారు 70 మంది అలబామా ద్వారాలను స్వాధీనం చేసుకొని, కాలువ నీటిని పాత నదిలోకి మళ్లించారు. వందలాది స్త్రీపురుషులు పిల్లలతో సహా వచ్చి, అక్కడే వండుకొని తిని, నాలుగు రోజులపాటు నీటికి కాపలా కాశారు. చర్చలు జరుగుతాయన్న హామీతో వారు శాంతియుతంగా తలుపులు మూసి వెళ్లారు. చర్చల వల్ల మేలు జరగలేదు. 1927లో మరల పేలుళ్లు సంభవించాయి. అదే ఆగస్టులో, ఉద్యమానికి నాయకత్వం వహించిన వాటర్‌సన్ సోదరుల బ్యాంకులు మూతపడ్డాయి. డబ్బు దుర్వినియోగం చేసిన నేరంపై ఆ సోదరులు జైలుపాలయ్యారు. లోయవాసులు దాచుకొన్న సొమ్ముతోపాటు వారి ప్రతిఘటన కూడా అంతరించింది.

విధి మల్‌హోలండ్‌ను కూడా విడిచిపెట్టలేదు. నగరానికి సమీపంలో ఆయన నిర్మించిన సెయింట్ ఫ్రాన్సిస్ ఆనకట్ట 1928 మార్చి 12 అర్ధరాత్రికి కొద్ది ముందు తెగిపోయి 400 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆయన నింద తన మీదనే వేసుకొని పదవి నుండి తప్పుకొన్నాడు.

1930ల నాటికి లోయలోని సాగుభూమి దాదాపు అంతా నగరం వశమైంది. ఈ కొనుగోళ్లలో చాలా వాటికి నగరం ధర చెల్లించింది. పత్రాలన్నీ సక్రమంగా ఉన్నాయి. పల్లెలు మాత్రం మిగలలేదు. ఓవెన్స్ సరస్సు ఎండిపోయి ఉప్పుపర్ర అయింది. ఆదివాసుల విషయంలో 1937 నాటి చట్టాన్ని అనుసరించి 1939లో భూమి మార్పిడి జరిగింది. దాని ఫలితంగా బిషప్, బిగ్‌పైన్, లోన్‌పైన్ వద్ద వారికి ప్రత్యేక భూభాగాలు ఏర్పడ్డాయి. నగరానికి చేరిన ఆదివాసుల భూమి సుమారు 2,900 ఎకరాలు. వారికి దక్కినది సుమారు 1,400 ఎకరాలు. జలహక్కుల బదిలీకి నగర శాసనం ప్రకారం ఓటర్లలో మూడింట రెండు వంతుల ఆమోదం అవసరమన్న కారణంతో ఆ విషయాన్ని ఆనాడు పక్కన పెట్టారు. అది నేటికీ పరిష్కారం కాలేదు.

మంజనార్

స్పానిష్ భాషలో మంజనార్ అంటే ఆపిల్ తోట. 1910లో ఈ పేరుతో ఒక గ్రామం వెలిసింది. అంతకు పూర్వం అక్కడ పైయూట్లు నివసించేవారు. నగరం భూములు కొన్న తరువాత 1929 నాటికి ఆ గ్రామం ఖాళీ అయింది. నీరు లేని చెట్లు మాత్రం మిగిలాయి.

1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ జారీచేసిన ఉత్తరువు ఫలితంగా పశ్చిమతీరంలోని జపాను సంతతివారిని విచారణ లేకుండానే ఇళ్ల నుండి తరలించారు. వారిలో మూడింట రెండు వంతుల మంది పుట్టుకతోనే అమెరికా పౌరులు. వారి కోసం నెలకొల్పిన పది శిబిరాలలో మొదటిది మంజనార్. దాని స్థలాన్ని ప్రభుత్వం లాస్ ఏంజిలిస్ నగరం నుండే కౌలుకు తీసుకొంది. శిబిరానికి వచ్చినవారిలో అత్యధికులు ఆ నగర పరిసరాలవారే. నీరు వెళ్లిన దారినే మనుషులు ఎదురు వచ్చారు.

తారుకాగితం కప్పిన చెక్క బారకాసులలో, ముళ్లతీగకు లోపల, కాపలా బురుజుల కింద 10,000 మందికి పైగా నివసించారు. ఆనాటి ఇన్యో కౌంటీ మొత్తం జనాభాకన్న ఈ సంఖ్య ఎక్కువ. బంధితులలో 101 మంది అనాథ బాలలు కూడా ఉన్నారు. 1942 డిసెంబరు 6న శిబిరంలో అలజడి చెలరేగి, సైనికుల కాల్పులలో ఇద్దరు యువకులు మరణించారు. ఇంతటి దుఃఖంలోనూ ఆ ప్రజలు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. రైతులు విడిచివెళ్లిన ఆపిల్, బేరి చెట్లకు కత్తిరింపులు చేసి, నీరు పెట్టి మళ్లీ కాపుకు తెచ్చారు. చిన్న చెరువులతో, రాళ్లతో ఉద్యానాలు నిర్మించారు. తోయో మియతాకే అనే ఛాయాగ్రాహకుడు నిషేధాన్ని దాటించి తెచ్చిన కటకానికి చెక్కపెట్టె బిగించి కెమెరా తయారుచేసి ఆ జీవితాన్ని చిత్రాలలో నిలిపాడు. 1943లో శ్మశానంలో తెల్లని స్మారకస్తూపం కట్టారు. సియెర్రా శిఖరాల నేపథ్యంలో అది నేటికీ నిలిచి ఉంది.

1945 నవంబరు 21న శిబిరం మూతపడింది. 1969లో ఆరంభమైన మంజనార్ యాత్ర ఏటా సాగుతూ ఆ జ్ఞాపకాన్ని కాపాడింది. 1988లో అమెరికా ప్రభుత్వం చట్టపూర్వకంగా క్షమాపణ చెప్పి, జీవించి ఉన్న బాధితులకు ఒక్కొక్కరికి 20,000 డాలర్లు చెల్లించింది. 1992లో మంజనార్ జాతీయ చారిత్రక స్థలమైంది.

తిరిగి వచ్చిన నీరు

1970లో లాస్ ఏంజిలిస్ రెండవ జలవాహికను పూర్తిచేసి, లోయ భూగర్భజలాన్ని కూడా తోడసాగింది. ఊటలు ఎండి, పచ్చిక మైదానాలు బీటలు వారాయి. ఈసారి లోయవాసులు డైనమైటును ఆశ్రయించలేదు. 1970లో కాలిఫోర్నియా చేసిన పర్యావరణ చట్టాన్ని ఆధారం చేసుకొని 1972లో ఇన్యో కౌంటీ నగరంపై దావా వేసింది. దీర్ఘ వివాదం తరువాత 1991లో భూగర్భజల వినియోగంపై ఉభయులకూ ఒప్పందం కుదిరింది. 2006 డిసెంబరు 6న ఓవెన్స్ నది దిగువ భాగంలో సుమారు 100 కిలోమీటర్ల మేర నీరు మళ్లీ పారింది. 90 ఏళ్లకు పైగా ఎండిన నదీగర్భంలో రెల్లు, చేపలు, పక్షులు తిరిగి కనిపించాయి.

ఎండిన ఓవెన్స్ సరస్సు మీద గాలి వీచినప్పుడు లేచే సూక్ష్మధూళి ఒకప్పుడు అమెరికాలో ధూళికాలుష్యానికి అతిపెద్ద ఏకైక మూలంగా ఉండేది. చట్టం బలవంతం మీద నగరం 2001 నుండి సరస్సు గర్భంలో కొన్ని భాగాలను పలుచని నీటితో తడిపి, కొన్ని భాగాలలో గడ్డి పెంచి, గులకరాళ్లు పరచి ధూళిని అరికడుతూ వచ్చింది. ఇందుకు వందల కోట్ల డాలర్లు వ్యయమయ్యాయి. తరలించిన నీటిలో కొంత భాగాన్ని ఆ ధూళిని అణచడానికే నగరం తిరిగి ఖర్చు చేయవలసి వచ్చింది. ఆ పలుచని నీటి మీద నేడు వేలాది వలసపక్షులు వాలుతున్నాయి. టింబిషా షొషోనీలకు 2000లో చేసిన చట్టం ద్వారా తమ పూర్వుల నేలలో సుమారు 7,700 ఎకరాలు తిరిగి లభించాయి.

ముగింపు

ఇన్యో కౌంటీలో వ్యక్తుల యాజమాన్యంలో ఉన్న భూమి రెండు శాతం లోపే. అత్యధిక భాగం కేంద్రప్రభుత్వానిది. లోయలోని ప్రధానభాగం నేటికీ లాస్ ఏంజిలిస్ నగరానిది. జనాభా పెరగకపోవడానికి ఇది ఒక ముఖ్యకారణం. మరొక కోణం కూడా గమనించాలి. నగరం ఈ నేలను కొనకపోతే ఈ లోయ కూడా ఇళ్లతో, కర్మాగారాలతో నిండిపోయేదేమో. నేడు యాత్రికులు మెచ్చుకొనే నిర్మలమైన విశాలదృశ్యం ఆ నష్టం మిగిల్చిన లాభమే. దాని మూల్యం చెల్లించినవారు మాత్రం దానిని అనుభవించేవారు కాదు.

దప్పిగొన్న నగరం నీరు కోరడం నేరమని ఎవరూ అనలేరు. నీరు ఇచ్చే సీమను అడగకుండా, దానికి మిగలవలసినది మిగల్చకుండా తీసుకొనడమే ఈ చరిత్రలోని దోషం. పైయూట్లు నీటిని పంచుకొనేముందు ఊరంతా కూర్చొని నిర్ణయించుకొన్నారు. నూట ముప్పై ఏళ్ల తరువాత, 1991లో, కౌంటీ, నగరం కూడా ఒక బల్ల వద్ద కూర్చొనవలసి వచ్చింది. ఆ బల్ల వద్ద ఆదివాసులకు సమానమైన ఆసనం ఇంకా దొరకవలసి ఉంది.

అభ్యాసం

కఠిన పదాలు - అర్థాలు

వర్షచ్ఛాయ : కొండ అడ్డం వల్ల వాన అందని చోటు
జలవాహిక : నీటిని దూరప్రాంతానికి చేరవేసే కాలువ
అనాదిగా : మొదలు తెలియనంత కాలం నుండి
విరమింపబడింది : మానివేయబడింది
స్తోమత : శక్తి, తాహతు
ఉప్పుపర్ర : ఉప్పు పేరుకొన్న బీడునేల
కటకం : కెమెరాలోని అద్దం
మూల్యం : వెల

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. ఓవెన్స్ నది లాస్ ఏంజిలిస్‌కు తరలిన విధాన్ని, దాని ఫలితాలను వివరించండి.
2. మంజనార్ అనే ఒకే స్థలంలో మూడు సమాజాల చరిత్ర ఎలా ఇమిడి ఉందో చర్చించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. పైయూట్ల నీటిపారుదల విధానాన్ని తెలపండి.
2. ఓవెన్స్ లోయలో వర్షం తక్కువగా ఉన్నా నీరు సమృద్ధిగా ఉండటానికి కారణమేమి?
3. 1924లోను, 1972లోను లోయవాసులు అనుసరించిన మార్గాలను పోల్చండి.
4. నగరం అవసరం, లోయ హక్కు అనే రెండింటిలో మీరు దేనిని సమర్థిస్తారు? కారణాలు తెలపండి.

సందర్భసహిత వ్యాఖ్యలు

1. "దుంప తవ్వే చేయి కనిపించింది గాని, దానికి నీరు పెట్టిన చేయి వారికి కనిపించలేదు."
2. "పత్రాలన్నీ సక్రమంగా ఉన్నాయి, పల్లెలు మాత్రం మిగలలేదు."
3. "నీరు వెళ్లిన దారినే మనుషులు ఎదురు వచ్చారు."

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. ఇన్యో కౌంటీ ముఖ్యకేంద్రం ఏది?
2. పాయహూనాదు అనే పదానికి అర్థమేమి?
3. ‘ది ల్యాండ్ ఆఫ్ లిటిల్ రెయిన్’ గ్రంథకర్త్రి ఎవరు?
4. లాస్ ఏంజిలిస్ జలవాహిక ఏ సంవత్సరంలో ప్రారంభమైంది?

సంధులు

1. అత్యున్నత : అతి + ఉన్నత - యణాదేశ సంధి
2. ఊరంతా : ఊరు + అంతా - ఉత్వ సంధి
3. ఇష్టాయిష్టాలు, స్వాధీనం : ఈ పదాలను విడదీసి, సంధికార్యాలను తెలపండి.

సమాసాలు

1. పర్వతశ్రేణి : పర్వతాల యొక్క శ్రేణి - షష్ఠీ తత్పురుష సమాసం
2. స్త్రీపురుషులు : స్త్రీలును, పురుషులును - ద్వంద్వ సమాసం
3. పది శిబిరాలు, నదీతీరం, మహాసముద్రం : విగ్రహవాక్యాలు వ్రాసి, సమాసనామాలను పేర్కొనండి.